క్యాబ్ అన్న సీసపు నాణేలు

క్యాబ్ అన్న పోయాడని నాకు చెప్పింది వదిన. పోయిన బుధవారం, ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్ మోగింది. "మీ అన్న పోయిండమ్మా" అంది. ఏడవలేదు. పొద్దున చాయ్ తాగి, ఆటో తుడుద్దామని బయటికొచ్చి, బండి పక్కనే కూలబడ్డాడట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. యాభై దాటి ఎంతో కాలం కాలేదు. ప్రత్యేక రాష్ట్రం ఖాయమైపోయి, ఇక ఆ రోజు ఎప్పుడా అని వాళ్ళ వాడంతా ఎదురుచూస్తున్న సమయం. ఆ రోజు చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. మా ఆఫీసుకు క్యాబ్ నడిపిన మనిషి. పాత నాణేలంటే ప్రాణం. ఈ మూడేళ్ళూ నేను "అన్నా" అంటే ఆయన "చెల్లె" అనేవాడు. కానీ అంతకు ముందు ఒక ఏడాది నేనాయన్ని అనుమానించాను. నా అనుమానం వల్ల ఆయన ఉద్యోగం పోయింది. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు మంచి సంగతులే రాద్దామనుకున్నాను. ఆ ఏడాదిని వదిలేసి రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు, నన్ను నేను కాపాడుకున్నట్టు.

నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చేసరికి ఉద్యమం వేడి మీద ఉంది. మదీనాగూడలో ఒక ఫ్లాటు కిరాయికి తీసుకుని, మా కంపెనీలోనే పనిచేసే శైలజతో కలిసి ఉండేదాన్ని. ఆమెది విజయవాడ. పొద్దున ఎనిమిదింటికి క్యాబ్ వచ్చేది. లింగంపల్లి మీదుగా, గోపన్‌పల్లి దాటి, గచ్చిబౌలి అవతల ఉన్న మా ఆఫీసు దగ్గర దింపేది. బండి వెనక అద్దం మీద "జై తెలంగాణ" అని స్టిక్కరు. మేం ఎక్కగానే ఆయన పాట ఆపేసేవాడు. మేమూ ఎక్కగానే మాటలు ఆపేసేవాళ్ళం. అమ్మ ఫోన్ చేస్తే గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని, నా యాస ఆయన చెవిన పడకూడదన్నట్టు.

అమ్మ మాత్రం రోజూ ఒకటే అడిగేది. "ఆ డ్రైవరు ఏ ఊరివాడే? మంచివాడేనా? బండి నంబరు రాసిపెట్టుకున్నావా?"

రాసిపెట్టుకున్నాను. బండి నంబరే కాదు, ఆయన ఎక్కడెక్కడ ఆపుతాడో కూడా మనసులో గుర్తుపెట్టుకునేదాన్ని. గోపన్‌పల్లి దగ్గర అప్పటికింకా పొలాలు కొన్ని మిగిలి ఉన్నాయి, పక్కనే అపార్ట్‌మెంట్ల కోసం పునాదులు తవ్వుతున్నారు. ఎక్కడ కొత్త మట్టి కుప్ప కనిపించినా బండి నెమ్మది చేసేవాడు. మెడ చాచి ఆ మట్టి వంక చూసేవాడు. లింగంపల్లిలో పాత ఇనుప సామాన్ల దుకాణం ముందు రెండు నిమిషాలు ఆపేవాడు. దుకాణంవాడు వచ్చి కిటికీలోంచి కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టేవాడు. ఈయన దాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూసి, చొక్కా జేబులో వేసుకునేవాడు. ఇద్దరి మధ్యా మాటలుండవు.

స్టీరింగ్ పక్కన అరలో నల్లటి చిన్న ప్లాస్టిక్ డబ్బాలు ఉండేవి. వెనకటికి కెమెరా రీళ్ళు పెట్టి ఇచ్చేవాళ్ళు కదా, అవి. బండి గుంతలో పడ్డప్పుడల్లా అవి టకటకమనేవి.

"మత్తు పొడులేనే అవి" అంది శైలజ ఒక రాత్రి అన్నం తింటూ. "ఐటీ వాళ్ళకి క్యాబుల్లోనే అందిస్తారంట. పేపర్లో చదవట్లేదూ?"

మర్నాడు ధైర్యం చేసి అడిగాను. "వాటిల్లో ఏమున్నాయండీ?"

అద్దంలోంచి నా వంక చూశాడు. "ఏం లెవ్వు మేడం. పాత సామాన్" అని అర మూసేశాడు. ఆ తర్వాతి రోజు నుంచి అరలో డబ్బాలు లేవు. కానీ టకటక మాత్రం వినిపిస్తూనే ఉంది, ఈసారి ఆయన సీటు కిందనుంచి. దాచాడంటే తప్పు పనే అని మేమిద్దరం తేల్చేసుకున్నాం.

ఒక పొద్దున శైలజ సెలవు పెట్టింది. నేనొక్కదాన్నే ఉన్నాను. లింగంపల్లి దగ్గర ఉద్యమకారులు రోడ్డు మీద బైఠాయించారు, బండ్లన్నీ నిలిచిపోయాయి. ఎంతసేపు పడుతుందో కనుక్కుని వస్తానని ఆయన దిగి ముందుకు నడిచాడు. నేను వంగి సీటు కింద చెయ్యి పెట్టి, అందిన డబ్బా ఒకటి తీసి మూత విప్పాను. లోపల దూది. దూది మీద బూడిదరంగు బిళ్ళ ఒకటి. బిళ్ళను తీసి పట్టుకుంటే వేళ్ళకు తెల్లటి పొడి అంటుకుంది. అంతలో ఆయన తిరిగి వస్తూ కనిపించాడు. గబగబా అన్నీ సర్దేసి, చెయ్యి చున్నీలో దాచుకున్నాను.

"ఏం పరేషాన్ గాకున్రి మేడం" అన్నాడు ఎక్కుతూ. "ఇంక పది నిమిషాలల్ల ఇడుస్తరు."

ఆఫీసుకు చేరగానే సెక్యూరిటీ ఆఫీసరు గదికి వెళ్ళాను. డబ్బాల్లో తెల్ల పొడి చూశానని చెప్పాను. బిళ్ళ సంగతి చెప్పలేదు. మర్చిపోయి కాదు. చెబితే నా మాట పలచనైపోతుందేమోనని. ఆయన తల ఊపి, "మీ పేరు బయటికి రాదు" అన్నాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర గార్డులు మా క్యాబ్ ఆపారు. మమ్మల్ని దిగి లోపలికి వెళ్ళమన్నారు. శైలజ వెళ్ళిపోయింది. నేను లోపలి తలుపు దగ్గర ఆగిపోయాను. అన్నచేత సీటు కింద డబ్బాలన్నీ బయటికి తీయించి, ఒక్కొక్కటే బండి బానెట్ మీద గుమ్మరించారు. దూదీ, బిళ్ళలూ. పొడి పొట్లం ఒక్కటీ లేదు. కానీ అంతమంది చుట్టూ మూగాక ఇక ఊరికే వదిలేస్తారా? అనుమానం పొడి మీదనుంచి బిళ్ళల మీదికి మళ్ళింది.

"గుప్తనిధులా? ఎక్కడ తవ్వినవ్ రా?"

"తవ్వలే సార్. కొన్న. పాత సామాన్ల గుజిరి దుకాణంల దొరుకుతయ్."

"క్యాబ్ నడిపేటోనికి ఇవన్నీ ఎందుకు రా?"

ఒక గార్డు గుప్పెడు బిళ్ళలు తీసి కవరులోకి విసిరినప్పుడు ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, జర మెల్లగ. సీసం అది, అంచులు ఇరుగుతయ్." ఒక బిళ్ళ దొర్లి మురికి కాలువ జాలీలోంచి కింద పడింది. మోకాళ్ళ మీద కూర్చుని, జాలీ సందుల్లో వేళ్ళు దూర్చి వెతికాడు. లేచినప్పుడు ఒకసారి తలెత్తి నేనున్న వైపు చూశాడు. నేను నా మెడలో వేలాడే గుర్తింపు కార్డు వంక చూసుకున్నాను.

పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు. రెండు రోజులు స్టేషన్‌లోనే కూర్చోబెట్టారు. మూడోనాడు పురావస్తు శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన పుస్తకాలు చంకలో పెట్టుకుని స్టేషన్‌కు వచ్చారట. ఆయన జీపును ఎనిమిదేళ్ళు నడిపింది మన అన్నే. ఈ బిళ్ళలన్నీ సీసమూ రాగీ అనీ, శాతవాహనుల కాలం నాటివనీ, ఇలాంటివి పాత సామాన్ల దుకాణాల్లో కరిగించడానికి వస్తుంటాయనీ ఓపిగ్గా వివరించారట. ఒక్కొక్క నాణేనికీ ఫోటో తీయించి, సంబంధిత ఆఫీసులో కాగితాలు పెట్టించి, అన్ననూ, నాణేలనూ విడిపించుకుపోయారు. క్యాబ్ కాంట్రాక్టరు మాత్రం "నాకీ కిరికిరి వద్దు" అని వేరే డ్రైవరును పెట్టుకున్నాడు.

ఇదంతా మాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వినగానే నేను కుమిలిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. నాకు పట్టుకున్నది భయం. డ్రైవర్లందరూ "ఆంధ్రోళ్ళే చెప్పి పట్టిచ్చిన్రు" అనుకుంటున్నారని విన్నాను. కొత్త డ్రైవరు అద్దంలోంచి చూస్తే నన్నే చూస్తున్నాడనిపించేది. టీ కొట్టతను చిల్లర ఇవ్వడం ఆలస్యమైతే నా సంగతి ఇతనికీ తెలుసనుకునేదాన్ని. సెక్యూరిటీ ఆఫీసరు నవ్వితే ఎందుకు నవ్వాడా అని రోజంతా ఆలోచన. శైలజ ప్రగతి నగర్‌లో వాళ్ళ అక్క దగ్గరికి మారిపోయాక, నా ఫిర్యాదు సంగతి ఆమెకు తెలుసు కనుక ఎవరికైనా చెప్పేస్తుందేమోనని ఆమెనూ అనుమానించాను. పోలీసులు వదిలేశారని తెలిసినా, ఏదో ఉండే ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అలా చెప్పుకుంటేనే నిద్ర పట్టేది.

మూడు నెలలు గడిచాయి. ఒక బంద్ రోజున ఆఫీసుకు రావలసిందేనని కబురొచ్చింది. క్యాబ్ గోపన్‌పల్లి దాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు మీద టైర్లు తగలబెట్టారు, పొగ లేస్తోంది. "ఇగ పోదు మేడం, దిగున్రి" అన్నాడు డ్రైవరు. దిగాను. ఎండ మాడిపోతోంది. వెనకనుంచి నినాదాలు దగ్గరవుతున్నాయి. నా పక్కన ఒక ఆటో వచ్చి ఆగింది. నడుపుతున్నది ఆయనే.

"ఎక్కున్రి మేడం."

ఎక్కననలేక ఎక్కాను. ఆటో మెయిన్ రోడ్డు వదిలి సందులోకి తిరిగింది, ఆ సందులోంచి ఇంకో సందులోకి. నేను శైలజకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఇంటికి."

"మా ఇల్లు మదీనాగూడలో!"

"మా ఇంటికి మేడం. అటు పోనియ్యరు, ఇటు పోనియ్యరు. సాయంత్రం దాక అంతే. ఎండల నిలవడి ఏం జేస్తరు?"

రేకుల కప్పున్న రెండు గదుల ఇల్లు. ఆయన భార్య చేటలో బియ్యం ఏరుతోంది. లేచి స్టీలు గ్లాసులో మంచినీళ్ళిచ్చింది. నేను వాకిలికి దగ్గరగా, కుర్చీ అంచున కూర్చున్నాను. పరుగెత్తాల్సి వస్తే సందు ఎటు తిరిగిందో గుర్తుచేసుకుంటున్నాను. గ్లాసు చేతిలో ఉంది, నోటి దగ్గరికి పోలేదు. ఆమె అది గమనించింది. అదే బిందెలోంచి ఇంకో గ్లాసు ముంచుకుని తను తాగింది. "మా బోరు నీళ్ళేనమ్మా. ఏం గాదు" అంది.

ఆయన లోపలికెళ్ళి రేకు పెట్టె ఒకటి తెచ్చాడు. "ఉత్తగ కూసునుడెందుకు? సూడున్రి" అని నల్ల డబ్బాలు వరసగా పెట్టాడు. ఒక్కొక్క మూతా విప్పి, నాణేన్ని అంచులు పట్టుకుని తీసి, పాత బెడ్‌షీట్ మీద పేర్చాడు. నావైపు చూడటం లేదు. నేనక్కడ ఉన్నాననే మర్చిపోయినట్టున్నాడు. తొండమెత్తిన ఏనుగు, విల్లు, గుర్రం. ఒక దాని మీద రెండు తెరచాపల పడవ. అరిగిపోయి ఏమీ కనిపించని బిళ్ళల దగ్గరే ఎక్కువసేపు ఆగాడు. వెలుతురుకు ఏటవాలుగా పెట్టి, "ఈడ సూడున్రి, అక్షరం" అన్నాడు. నాకు గీతలే కనిపించాయి.

"ఇది 'స'. ఇది 'త'. ఇగ ఇక్కడ గుద్దేటప్పుడు అచ్చు జారింది. పదోది తప్పిన మనిషిని నేను. ఇంగ్లీష్ బోర్డ్ సదవరాదు. రెండు వేల ఏండ్ల కిందటిది సదువుత." మొదటిసారి ఆయన నవ్వడం చూశాను.

అప్పుడడిగాను, ఇంకా అనుమానంగానే. "ఇవి అమ్మితే ఎంతొస్తుంది?"

"అమ్మెతందుకు గాదు మేడం. సూసెతందుకు."

తర్వాత చాలా మామూలుగా, ఇంకో డబ్బా మూత తీస్తూ అన్నాడు. "ఆ దినం చేతులు కడుక్కున్నరా?"

"ఏ రోజండీ?"

"డబ్బి ఇప్పిన దినం. గది సీసం తుప్పు. తెల్లగ పొడి లెక్క ఉంటది. కడుపులకు పోతే మంచిది గాదు. మా ఇంట్ల ఇవి ముట్టుకుంటే సబ్బుతోటి కడుక్కోవాలె."

"మీకెలా తెలుసు?" అన్నాను.

"ఏనుగు మీదికి ఉండేటట్టు వెడ్త నేను. మీరు బోర్ల వెట్టిన్రు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"ఎవలకు చెప్పాలె? మా డ్రైవర్ పోరగాండ్లకు చెప్తే మీ కంపెనీ అద్దాలు మిగులుతుండెనా? గరం మీద ఉన్నరు వాండ్లు." నాణేన్ని దూది మీద పెట్టాడు. "నేను మాత్రం తక్వనా? డబ్బిలల్ల ఏమున్నయని మీరు అడిగినంక సీటు కిందికి మార్చిన. ఆంధ్రోళ్ళు భూములు కొన్నరు, ఇగ నా బిళ్ళల మీద గూడ కన్ను వడ్డదనుకున్న. గా దినమే 'పాత నాణేలమ్మా' అని చేతుల వెడ్తే అయిపోతుండె."

"నన్ను క్షమించండి" అన్నాను.

"మాఫీ అనే మాట ఇప్పుడైతే నా నోట రాదు మేడం. ఠాణల రెండు దినాలు కూసున్న. దొంగోని బిడ్డ అన్నరని మా బిడ్డ బడికి పోలే. గది మర్చిపోను. గని ఎండల నిలవడ్డ మనిషిని ఇడ్సిపెట్టి పోను గద."

చేతిలో వేడెక్కిపోయిన ఆ నీళ్ళు అప్పుడు తాగాను.

సాయంత్రం రోడ్డు తెరిచాక మదీనాగూడలో దింపి వెళ్ళాడు. మర్నాడు కంపెనీకి ఉత్తరం రాశాను. నేను చూసింది బిళ్ళ అనీ, ఆ మాట దాచాననీ. ముగిసిపోయిన విషయం ఎందుకు తోడతారని సెక్యూరిటీ ఆఫీసరు విసుక్కున్నాడు. కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ రూటులో మనిషి ఉన్నాడన్నాడు. ఆ సంగతి చెప్పడానికి గోపన్‌పల్లి వెళితే, "ఇడ్సిపెట్టున్రి. ఆటోనే మంచిగున్నది. యాడ మట్టి కుప్ప కనవడితే ఆడ ఆపుకుంట" అన్నాడు. నిజంగానే అన్నాడో, నన్ను తేలికపరచడానికి అన్నాడో నాకీనాటికీ తెలియదు.

ఆ తర్వాత ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన రమ్మనలేదు, వద్దనీ అనలేదు. ఒక్కొక్క నాణెం కథా అలా విన్నాను. కరీంనగర్ వైపు గోదావరి ఒడ్డు ఊళ్ళలో వాన పడ్డాక చేలల్లో ఈ సీసపు బిళ్ళలు పైకి తేలేవట. జాలరులు వాటిని ఏరి, కరిగించి, వలలకు గుండ్లు పోసుకునేవాళ్ళట. జీపు డ్రైవరుగా వెళ్ళిన కొత్తల్లో అన్న ఒకసారి ఒక ఇంటి ముందు మూకుడులో కరుగుతున్న బిళ్ళలు చూశాడు. "ఏనుగు కాళ్ళు ముందుగాల కరిగినయ్. తొండం ఆఖర్కి పోయింది. నేను సూస్తనే ఉన్న" అని చెప్పేటప్పుడు, ఏళ్ళు గడిచాక కూడా ఆయన ముఖం అదోలా అయిపోయేది. ఆ రోజు నుంచి ఎక్కడ కరిగించే సీసమూ రాగీ కనిపించినా వెతకడం అలవాటైంది. స్టేషన్‌కు వచ్చిన ఆ పురావస్తు శాఖ పెద్దసారు దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడు. దొరికిన ప్రతిదానికీ ఒక చీటీ రాసి డబ్బాలో పెట్టేవాడు. ఏ దుకాణం, వాడికి ఏ ఊరినుంచి వచ్చింది. "ఊరు తెల్వని నాణెం తప్పిపోయిన పోరడి లెక్క అంటడు మా పెద్దసారు" అనేవాడు.

ఒకసారి రెండు నాణేలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి వాళ్ళ గోదావరి వైపుది, ఒకటి మా కృష్ణ వైపుది. రెండింటి మీదా ఒకటే రాజు పేరు.

"అంటే అప్పుడు మనందరికీ రాజు ఒక్కడేగా?" అన్నాను, ఏదో గెలిచినట్టు.

"రాజు ఒక్కడే. పన్ను ఎవలకు ఎక్కువ వడ్డదో దీని మీద రాయలే" అన్నాడు. వదిన లోపల్నుంచి గట్టిగా నవ్వింది.

అంతా సాఫీగా సాగిందనీ కాదు. ఆరు నెలలయ్యాక నేనొక తెలివితక్కువ పని చేశాను. మా మేనేజరు పాత వస్తువుల మీద డబ్బు పెడుతుంటాడు. నాణేల సంగతి నా నోట జారితే, చూపించమని వెంటపడ్డాడు. తీసుకెళ్ళాను. ఆయన పడవ బొమ్మ నాణేన్ని అటూ ఇటూ తిప్పి, "ఐదేళ్ళలో ఇది ఎంత పెరుగుతుందంటారు?" అని అడిగాడు.

అన్న నిజంగానే ఆలోచించాడు. "రెండు వేల ఏండ్ల సంది గింతనే ఉన్నది సార్. ఏం పెరగలే."

మేనేజరు నవ్వి వెళ్ళిపోయాడు. అన్న నవ్వలేదు. డబ్బాలన్నీ పెట్టెలో సర్ది తాళం వేశాడు. అంతకు ముందు ఆ పెట్టెకు తాళం ఉండటం నేను చూడలేదు. "బ్యారగాన్ని తోల్కొచ్చినవా మేడం?" అన్నాడు. రెండు నెలలపాటు నేను ఆ సందులోకి పోలేదు.

మళ్ళీ వెళ్ళింది మా అమ్మమ్మ తమలపాకుల పెట్టెలో దొరికిన రాగి డబ్బు ఒకటి పట్టుకుని. అడుగున ఎన్నేళ్ళుగా పడుందో. అన్న దాన్ని చాలాసేపు చూశాడు. "ఇది మరీ పాతది గాదు. తెల్లదొరల కాలంది, కంపెనీవాండ్లు గుద్దింది" అన్నాడు. నేను చిన్నబోయాను. ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. "మీ అమ్మమ్మ బొటనేలు గుర్తు సూడు, ఈ దిక్కే అరిగింది. ఆకుకు సున్నం రాసుకుంట దీన్ని పక్కకు జరుపుతుండె గావచ్చు." నిజంగానే ఒకవైపే అరిగి ఉంది. తీసుకోమన్నాను. వద్దని నా చేతిలోనే పెట్టి వేళ్ళు మూశాడు. "నాకియ్యకు చెల్లె. నీ దగ్గర్నే పెట్టుకో. నువ్వు సూస్కో."

ఆ రోజే మొదటిసారి చెల్లె అన్నాడు. మాఫీ మాట ఆయన తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఆయన పోయిన మూడోనాడు గోపన్‌పల్లి వెళ్ళాను. వాకిట్లో టెంటు వేశారు, చుట్టాలు కూర్చున్నారు. ఊరినుంచి ఆయన తమ్ముడు వచ్చాడు. అన్న పోలికే, కొంచెం బక్కపలచన. నేను లోపలికి వెళుతుంటే ఆపాడు.

"మీరెవరు?"

"నేను అన్నకి తెలిసినదాన్నండి. ఆఫీసు..."

"ఆంధ్రనా?"

"అవునండి."

"అడిగినందుకు ఏమనుకోకున్రి. మా అన్న దగ్గర బంగారి బిళ్ళలున్నయని ఊర్ల అందరికి ఎర్కే. మీరు ఆదివారం ఆదివారం వస్తుండెనట గద. ఎన్ని కొంటవోయిన్రు?"

కోపం రాలేదు. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు, ఒకప్పుడు అదే చూపుతో నేనొకర్ని చూశాను. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నేనూ అతన్ని అనుమానించాను. పెట్టె ఎత్తుకుపోయి సోమవారానికల్లా కరిగిస్తాడనుకున్నాను.

"మరిదీ, ఆమెనెందుకు అడుగుతున్నవ్?" వదిన లోపల్నుంచి వచ్చింది. మూడు రోజుల్లో సగమైపోయింది మనిషి. రేకు పెట్టె తెచ్చి అతని ముందు పెట్టి తాళం తీసింది. "ఏమున్నయో నువ్వే సూడు. అందరి ముందట సూడు."

అతను ఒక్కొక్క డబ్బా విప్పాడు. నాణేన్ని గోటితో గీకాడు, రాయి మీద కొట్టి చప్పుడు విన్నాడు. "సీసం" అన్నాడు. ఇంకోటి. "గిదీ సీసమే." ఇంకోటి. "రాగి." బంగారం ఎక్కడుందని వదిన వంకా నా వంకా చూశాడు. లేదని చెప్పాం. నమ్మలేదు. ఒక్కటీ వదలకుండా విప్పుతూ పోయాడు. చుట్టాలు కాసేపు చూసి, ఎవరి మాటల్లో వాళ్ళు పడ్డారు.

"వీటిని ఏం జేస్తవ్ వదినా?" అన్నాడు చివరికి విసుగ్గా.

"ఏం జెయ్య. ఆయన సూసుకున్నడు. నేను గూడ సూసుకుంట. ఉండనీ."

అతను ఆఖరి డబ్బాలు రెండు మూడు విప్పుతూ ఒకచోట ఆగాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు.

"గిది కుక్కనా?" అని నన్నే అడిగాడు, చుట్టూ ఇంకెవరూ లేనట్టు.

"సింహమండి."

"సింహమెట్లయితది? తోక సూడున్రి, మా ఇంటి కుక్కది గిట్లనే వంకర తిరిగి ఉంటది."

"మెడ మీద జూలు ఉంటుంది చూడండి. చిన్న చుక్కలుగా."

నా మాట మీద నమ్మకం కలగలేదు. కళ్ళజోడు తీసి తువ్వాలతో తుడుచుకుని, టెంటు నీడలోంచి లేచి, నీళ్ళ డ్రమ్ము పక్కన ఎండలోకి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. వదిన అన్నానికి పిలిచింది. వస్తున్నానన్నాడు, లేవలేదు. మళ్ళీ పిలిచింది. ఎవరో అతన్ని తోసుకుంటూ వచ్చి బకెట్ ముంచుకుపోయారు. నీళ్ళు చిందితే, ముఖం తుడుచుకోకుండా, రెండో అరచెయ్యి అడ్డం పెట్టి నాణేన్ని కాపాడుకున్నాడు. "జూలు యాడుంది?" అని తనలో తనే గొణుక్కుంటూ, ఆ బిళ్ళను ఇంకా దగ్గరికి, దాదాపు ముక్కు మీదికి తెచ్చుకున్నాడు.